మొక్కల వంతు నీళ్ళు

మా ఆయన బతుకంతా నీళ్ళతోనే గడిచింది. చేపలు పెంచుకునే గాజు తొట్లు చేసేవారు. వీధి మలుపులో చిన్న కొట్టు, కొట్టు నిండా నిలబెట్టిన గాజు పలకలు. పలక మీద గాజు కోసే కలం పెట్టి ఒక్క గీత గీసి, బల్ల అంచుకి ఆనించి టక్కున విరిచేవారు. నాలుగు పక్కలూ అడుగూ జిగురుతో అతికించి, ఆరాక అంచుదాకా నీళ్ళు నింపి, కింద పాత కాగితం పరిచి మర్నాటిదాకా వదిలేసేవారు. కాగితం మీద గోరంత చెమ్మ కనిపించినా ఆ తొట్టి అమ్మేవారు కాదు, పక్కన పడేసేవారు. వీధిలో అందరికీ ఆయన చేపలాయన. నిజానికి ఆయన జన్మలో ఒక్క చేపని అమ్మింది లేదు. నా కుట్టుమిషన్ చప్పుడు వీధి చివరిదాకా వినిపించినా నాకు వేరే పేరు దక్కలేదు, చేపలాయన భార్యని, అంతే.

అలాంటి మనిషికి రోజుకి అరలీటరు నీళ్ళు అని రాసిపెట్టాడు దేవుడు. రాసిపెట్టింది దేవుడు కాదులెండి, డాక్టరు. కానీ కోపం ఎవరో ఒకరి మీద చూపించుకోవాలిగా.

కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ సెంటర్‌కి వెళ్ళి మెషీన్ పక్కన పడుకోవాలి. ఒంట్లో రక్తం గొట్టంలోకి వెళ్ళి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి వస్తుంది. మధ్యలో తాగిన నీళ్ళకి బయటికి పోయే దారి లేదు. ముందు పాదాల్లోకి దిగుతాయి, తర్వాత మొహంలోకి ఎక్కుతాయి, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లోకి. అక్కడికి చేరితే మనిషి మంచం మీదే మునిగిపోతాడు. డాక్టరు నాకు ఈ మాట దాపరికం లేకుండా చెప్పాడు.

"మందులకంటే నీళ్ళు ముఖ్యమమ్మా. అది మీ చేతిలోనే ఉంది" అన్నాడు.

నా చేతిలో! ఒక మనిషి దాహాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, డాక్టరు తలుపు తోసుకుని తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నేను ఆ ఇంట్లో పోలీసునయ్యాను. పొద్దున్నే అరలీటరు సీసా నింపి బల్ల మీద పెట్టేదాన్ని. మాత్రలకి ఇంత, భోజనానికి ఇంత అని చిన్న గ్లాసులో వంచి ఇచ్చేదాన్ని. మరీ నాలుక పిడచకట్టుకుపోతే ఒక ఐసు ముక్క. కుళాయి చప్పుడైతే చాలు, మిషన్ ఆపి చెవులు రిక్కించేదాన్ని.

"ఏమండీ, ఏం చేస్తున్నారక్కడ?"

"కాళ్ళు కడుక్కుంటున్నానే!"

"అంతసేపా?"

"రెండు కాళ్ళు కదే మరి!"

నవ్వు వచ్చేది. నవ్వుతూనే వెళ్ళి గడ్డం తడిగా ఉందేమో చూసేదాన్ని. అంత నీచంగా ఉండేది నా పని.

ఆ జబ్బుతోనే కొట్టు మూతపడింది. మెషీన్ సూదులు గుచ్చడానికి ఎడమచేతి నరాన్ని ఆపరేషన్ చేసి లావు చేశారు. ఆ చెయ్యి ముట్టుకుంటే లోపల జుమ్మని కదులుతుంది. దాంతో బరువులెత్తకూడదు. ఒంటిచేత్తో గాజు పలక ఎవడెత్తుతాడు? అమ్మకుండా పక్కన పడేసిన చెమ్మ తొట్లని ఇంటికి తెచ్చి బాల్కనీలో పేర్చుకున్నారు. ఏం చేసుకుంటారండీ వీటిని, చిల్లుల తొట్లని, అన్నాను. ఉండనీవే, అన్నారు. కొట్టు ఉన్నప్పుడు గంటకి నాలుగు మాటలు మాట్లాడే మనిషి, ఆ తర్వాత పూటకి రెండు మాటలు మాట్లాడటం మొదలుపెట్టారు. సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని ఖాళీ తొట్ల వంకే చూసేవారు. నాకు దిగులేసేది. ఏం చెయ్యాలో పాలుపోయేది కాదు.

అదిగో, అప్పుడొచ్చింది ఆ మొక్క. ఎప్పుడో మా ఆయన దగ్గర తొట్టి కొనుక్కున్న ఒక లెక్కల మాస్టారు ఇల్లు ఖాళీ చేస్తూ తొట్టితో సహా తెచ్చిచ్చారు. "చేపలు పోయాయండీ. తర్వాత ఇందులో దీన్ని పెంచాను. దూరం వెళ్తున్నాం, తీసుకెళ్తే బతకదు" అన్నారు. చూస్తే పొడుగాటి ఆకులు. ఒక్కో ఆకు చివర తీగలా సాగి, ఆ తీగ చివర ఒక బుల్లి కూజా వేలాడుతోంది. కూజాకి మూత కూడా ఉంది. లోపల నీళ్ళు.

"ఇదేం మొక్కండీ, ప్రతి ఆకుకీ ఒక చెంబు తగిలించుకుంది?" అన్నాను.

"కూజా మొక్క. ఆ నీళ్ళు దానివే, మనం పోసినవి కావు. చీమో ఈగో అంచు మీద జారి అందులో పడిందా, అదే దాని భోజనం" అన్నారు మాస్టారు.

మా ఆయన వేలితో ఆ కూజాని కింది నుంచి కాస్త ఎత్తి బరువు చూశారు. కొట్టులో తొట్టిని ఎత్తి చూసేవారే, అలా. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో ఆ చూపు చూశాను.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో మొక్క పురాణమే. వీటిలో కొండల మీదవి, పల్లపు అడవుల్లోవి అని రెండు రకాలట. కొండవాటికి రాత్రి చలి కావాలి. మాది పల్లపుది, దీనికి పగలూ రాత్రీ ఉక్కపోతే ఉండాలి. ఇంకేం, మా ఇంటికోసమే పుట్టింది, ఉక్కపోతకి మా ఇంట్లో ఏనాడూ కరువు లేదు. గాలిలో తేమ తగ్గకూడదు. వెలుతురు బోలెడు కావాలి, మాడ్చే ఎండ తగలకూడదు. మట్టి పనికిరాదు, నానబెట్టిన ఎండు నాచులో నాటాలి. ఎరువు పెడితే చస్తుంది. కుళాయి నీళ్ళు పోసినా చస్తుంది, నెమ్మదిగా. ఆ నీళ్ళలో ఉండే ఉప్పులు వేళ్ళని తినేస్తాయి.

"ఉప్పు మీకూ పడదు, దానికీ పడదు. బాగా దొరికారు ఒకరికొకరు" అన్నాను.

"నయం. దాన్ని నీ వంట తినమనలేదు నేను" అన్నారు ఆయన. ఉప్పులేని వంట మీద ఆయన వేసిన మొదటి జోకు అది. ఒళ్ళు మండినట్టు నటించాను గానీ లోపల ఎంత సంతోషపడ్డానో.

మరి ఏ నీళ్ళు పోయాలి? వాన నీళ్ళు పోయాలి, వాన లేనప్పుడు ఏమిటి దారి? దారి సెంటర్‌లోనే దొరికింది. రక్తం కడిగే మెషీన్లకి వాడే నీళ్ళు ఏ ఉప్పూ లేకుండా వడకట్టినవి. అక్కడి టెక్నీషియన్ మంచివాడు. ఈయన మొక్క సంగతి చెప్పగానే, వెళ్ళిన ప్రతిసారీ ఒక క్యాను నింపి ఇచ్చేవాడు. ఈయన చేత్తో మోయకూడదు కాబట్టి మోత నాది. బస్సులో ఒక చేత్తో మొగుణ్ణి, ఒక చేత్తో క్యానుని పట్టుకుని వచ్చేదాన్ని. క్యాను మీద ఆయనే పెయింటుతో 'మొక్కలు' అని రాసుకున్నారు. ఇంట్లో వేరే ఎవరూ ముట్టకూడదని. వేరే ఎవరూ అంటే నేనే.

ఆ ఒక్క మొక్క నుంచి మొక్కలు లేపడం మొదలైంది. పాకుతున్న కాడని కణుపుల దగ్గర ముక్కలుగా కోసి, ఆకుల్ని సగానికి కత్తిరించి, కోసిన చోట వేళ్ళు రావడానికి ఏదో పొడి అద్ది, తడి నాచులో గుచ్చి, గాజు తొట్టిలో పెట్టి పైన గాజు మూసేవారు. చెమ్మ తొట్లకి అలా పని దొరికింది. ఆకులు సగానికి ఎందుకు కత్తిరించాలో అడిగాను.

"వేళ్ళు లేవు కదే. తాగే దారి లేనప్పుడు ఆకు అంత పెద్దదిగా ఉంటే ఎండిపోతుంది. దాహం తగ్గించాలి."

అప్పుడు చూశాను, ఆయన చేతిలో ఉన్నది నా బట్టల కత్తెర! "ఏమండీ! ఆ కత్తెరతో కాగితం కూడా కొయ్యనివ్వను నేను, పసరు పూస్తారా దానికి!" అని ఆ వీధంతా వినపడేలా అరిచాను. అప్పటికప్పుడు కత్తెర కడిగి, తుడిచి, పదును చూసి, రెండు చేతులతో తెచ్చిచ్చారు మహానుభావుడు. మళ్ళీ మర్నాడు తీసుకెళ్ళారు.

గుచ్చాక ముట్టుకోకూడదు. అదీ వాటి చాకిరీలో కష్టమైన ముక్క. వేళ్ళు వచ్చాయా లేదా అని లాగి చూశామా, అప్పుడే పుట్టిన వేరు పుటుక్కున తెగుతుంది. నెలల తరబడి ఊరికే చూస్తూ కూర్చోవాలి. పైన చిగురు వచ్చినా సంబరపడకూడదు, వేరు లేకుండానే కాడలో ఉన్న సారంతో చిగురు వేసి, అది అయిపోగానే వాడిపోయేవీ ఉంటాయి. ఒకసారి ఒక ముక్క పక్కకి ఒరిగితే సరిచెయ్యబోయి పైకి తీశాను. వేళ్ళు చూస్తే బొగ్గులా నల్లగా ఉన్నాయి. కుళ్ళిపోయిందనుకుని చెత్తబుట్టలో వేశాను. వేసి ఆయనతో ఎంతో జాలిగా చెప్పాను. ఆయన కొంపలంటుకున్నట్టు లేచి చెత్తబుట్ట బోర్లించారు.

"నల్లగా ఉంటేనే బతికినట్టు! వీటి వేళ్ళు నలుపే! నా ప్రాణం పోయిందే నీతో!" అని ఒక పక్క తిడుతూ, ఒక పక్క నవ్వుతూ, ఆయాసం వచ్చి గోడకి ఆనుకున్నారు. ఆ ముక్క బతికింది కూడా. సెంటర్‌లో కౌంటరు మీద ఉన్నది అదే, అక్కడి సిస్టర్‌కి ఇచ్చారు.

ఇంత చెప్పాక ఇక అసలు సంగతికి రావాలి. చెప్పాలంటే నోరు రావడం లేదు, అందుకే మొక్కల చుట్టూ తిరుగుతున్నాను.

ఎండలు ముదిరాయి. సెంటర్‌లో మెషీన్ ఎక్కించే ముందు బరువు తూస్తారు. పోయినసారికీ ఇప్పటికీ ఎంత పెరిగితే అన్ని నీళ్ళు ఒంట్లో చేరినట్టు. ఆయన బరువు పెరగడం మొదలైంది. మొదట కాస్త. తర్వాత బాగా. సిస్టర్ నన్ను పక్కకి పిలిచింది.

"ఏంటమ్మా ఇది? ఇన్ని నీళ్ళు ఇస్తున్నారేంటి?"

"అరలీటరు దాటి చుక్క ఇవ్వడం లేదమ్మా."

"మరి ఇదంతా ఎక్కడిది? ఉప్పు వేస్తున్నారా?"

"ఇంట్లో ఉప్పు డబ్బా లేనే లేదు. నేను కూడా ఉప్పు మానేశాను."

ఆ పిల్ల నన్ను నమ్మలేదు. నమ్మనట్టు కనిపించకుండా ఉండాలని ప్రయత్నించింది, అదింకా అవమానం. ఇంటికొచ్చి ఆయన్ని కడిగి పారేశాను. నేను ముట్టలేదే, అన్నారు. ఆ రోజే మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, వచ్చి ఉన్నారు. ఆవిడకి తమ్ముడంటే ప్రాణం, నేనంటే ప్రాణం తీసేదాన్ని.

"గుక్కెడు నీళ్ళకి మొహం వాచేలా చేశావు నా తమ్ముణ్ణి. నోరు చూడు, ఎలా ఎండిపోయిందో! పగవాళ్ళకైనా ఇస్తాం కదే నీళ్ళు!"

"మీరు ఇచ్చేసి ఇంటికెళ్ళిపోతారు వదినా. ఊపిరాడక కొట్టుకుంటుంటే పట్టుకుని కూర్చోవాల్సింది నేను. అంత జాలిగా ఉంటే ఉండిపోండి, సీసా మీ చేతికిస్తాను" అన్నాను. ఆవిడ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మధ్యలో ఆయన నిలబడి నా నెత్తి మీద చెయ్యి పెట్టారు.

"ఆపండి ఇద్దరూ. ఇదిగో, నీ మీద ఒట్టు. ఈ సీసాలోవి తప్ప ఇంటి నీళ్ళు ఒక్క చుక్క ముట్టను. సరేనా?"

నా మీద ఒట్టు పెట్టి ఆయన ఏనాడూ తప్పలేదు. నేను కుళాయిల మీది నుంచి చెవులు తీసేశాను. ఎన్నాళ్ళకో స్థిమితంగా మిషన్ తొక్కుకున్నాను.

బరువు మాత్రం పెరుగుతూనే ఉంది.

అదే రోజుల్లో మొక్కలకి ఏదో అయింది. కొత్త ఆకులు వస్తున్నాయి, ఆకు చివర తీగా సాగుతోంది, కానీ తీగ చివర కూజా కట్టడం లేదు. గింజంత బుడిపె వచ్చి, అక్కడే ఆగి, నల్లబడి ఎండిపోతోంది. ఉన్న కూజాల మూతలు ముడుచుకుపోతున్నాయి. వాటిని ఎంత వెక్కిరించినా నాకూ అలవాటైపోయాయి, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

"వడగాలే, వేసవి కదా" అన్నారు ఆయన. మొహం అటు తిప్పుకుని అన్నారు.

నేను ఊరుకునే రకమా? సెంటర్‌కి వెళ్ళి ఆ మంచి టెక్నీషియన్ మీద పడ్డాను. "ఏం నీళ్ళు ఇస్తున్నావు నాయనా, మొక్కలన్నీ మాడిపోతున్నాయి" అన్నాను. అతను నొచ్చుకోలేదు. "నీళ్ళు అవేనమ్మా, మార్పేం లేదు. కూజా కట్టడం లేదంటే తడి చాలడం లేదేమో. రెండు రోజులకి ఆ క్యాను చాలదా?" అన్నాడు.

చాలదా అంటే? క్యాను ఎప్పుడూ ఖాళీ అవుతూనే ఉంది. మునుపైతే రెండు రోజులకి సగం మిగిలేది. ఇంటికొచ్చి ఆయన పడుకున్నాక బాల్కనీలోకి వెళ్ళి మాస్టారిచ్చిన పెద్ద మొక్క మొదట్లో వేలు పెట్టాను. నాచు పొడిగా, గరగరలాడుతోంది. పక్కదాంట్లో పెట్టాను. అదీ అంతే. క్యాను ఎత్తి చూశాను, ఖాళీ. వేలు అలాగే నాచులో పెట్టుకుని నిలబడ్డాను. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయో నాకు అర్థమైంది.

అయినా మనసు ఒప్పుకోదు కదా. మర్నాడు మధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని చెప్పి బయటికి వెళ్ళి, మెట్ల మలుపులో కాసేపు కూర్చుని, చప్పుడు చెయ్యకుండా తిరిగొచ్చాను. బాల్కనీ తలుపు సందులోంచి చూశాను. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మొక్కలకి నీళ్ళు పోసే మెత్తటి సీసా, వంపు గొట్టం ఉన్నది, చేతిలో ఉంది. ఒక మొక్క మొదట్లో ఒక్క నొక్కు నొక్కారు. తర్వాత గొట్టం తన నోట్లో పెట్టుకుని ఒక నొక్కు. మళ్ళీ పక్క మొక్కకి ఒకటి. మళ్ళీ తనకి ఒకటి. తనకి నొక్కినప్పుడు కళ్ళు మూసుకుంటున్నారు. చంటిపిల్లాడు పాలు తాగుతున్నట్టు ఉంది ఆ మొహం.

నేను తలుపు తియ్యలేకపోయాను. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. చివరికి ఆయనే చూశారు. సీసా ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నారు.

"ఇంటి నీళ్ళు ముట్టలేదే" అన్నారు. "ఒట్టు తప్పలేదు. ఇవి మొక్కల నీళ్ళు."

ఏమనాలి ఆ మాటకి! నా తల మీద ఒట్టు చెడకుండా నా తాళికి గండి కొట్టే ఉపాయం ఆయనకి తప్ప ఇంకెవరికి తడుతుంది? నెత్తీ నోరూ బాదుకున్నాను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. తొట్లన్నీ పగలగొడతానన్నాను. ఆయన అన్నీ విన్నారు.

"వాటికి కూడా తక్కువే పోశాను" అన్నారు మెల్లగా. "నేను ఒక్కణ్ణే తాగితే తప్పు. అందుకని వాటికో గుక్క, నాకో గుక్క."

"ఎంత కాలంగా?"

ఆయన చూపు పెద్ద మొక్క మీద, ఇంకా మూత తెరుచుకోని ఒక్క కూజా మీద ఉంది.

"మూత తెరవనిదాంట్లో నీళ్ళు శుభ్రంగా ఉంటాయట. అడవిలో దారి తప్పినవాళ్ళు తాగుతారట. మాస్టారు చెప్పారు."

"అవీ తాగారా?"

"ఒక్కదాంట్లోవే."

"ఎలా ఉన్నాయి?" ఎందుకడిగానో నాకే తెలియదు.

"చెంచాడు కూడా లేవే" అన్నారు. నవ్వుదామని చూశారు, పెదవులు పగిలి ఉన్నాయి, రాలేదు నవ్వు.

అప్పుడు నా కోపం పోయింది. పోయి, దాని చోట ఏమీ మిగల్లేదు. నీళ్ళు ఇస్తే చస్తాడు. ఇవ్వకపోతే ఇలా బతుకుతాడు. ఏ తలుపు తట్టాలో, ఎవరి కాళ్ళు పట్టుకోవాలో తెలిస్తే వెళ్ళి పట్టుకునేదాన్ని. ఆయన పక్కన నేల మీద కూలబడి, ఆ జుమ్మనే చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరం మొక్కల్నే చూశాం.

ఆ రోజు నుంచి క్యాను నా మిషన్ కింద పెట్టుకున్నాను. మొక్కలకి నేనే పోశాను. ఆయన స్టూలు మీద కూర్చుని, దానికి ఇంకాస్త, దీనికి చాలు, అని చెప్పేవారు. వేరే మనిషి చేతిలో నీళ్ళు పడుతుంటే అంత ఏకాగ్రతగా చూసేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు. బరువు దిగింది. సిస్టర్ నా భుజం తట్టింది. కొన్ని వారాలకి పెద్ద మొక్కకి కొత్త తీగ చివర బుడిపె లేచి, ఉబ్బి, ఒక పొద్దున మూత తెరుచుకుంది. "చూశావా!" అని ఆయన పిలిచిన పిలుపు నాకింకా చెవిలో ఉంది.

కానీ అప్పటికే గుండె దెబ్బతిందట. అన్నాళ్ళు అన్ని నీళ్ళు మోసి మోసి అలిసిపోయిందన్నారు. ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ ఊపిరాడక సింకు పట్టుకుని ఒరిగిపోయారు. ఆసుపత్రిలో చేర్చాం. మెషీన్ ఎక్కిస్తే బీపీ పడిపోతోంది, దింపేస్తున్నారు. మళ్ళీ ఎక్కిస్తున్నారు, మళ్ళీ దింపేస్తున్నారు. నేనూ వదినా బయట బెంచీ మీద కూర్చుని తలుపు వంకే చూస్తున్నాం. ఆవిడకీ నాకూ మధ్య ఉన్న పోట్లాటలన్నీ ఎటుపోయాయో, ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది.

మూడో రోజు డాక్టరు బయటికి వచ్చాడు. "ఇక మెషీన్ మీద పెట్టలేమమ్మా" అన్నాడు. ఆ తర్వాత, "ఆయన ఏం అడిగితే అది ఇవ్వండి" అన్నాడు.

"నీళ్ళు అడుగుతారు" అన్నాను.

"ఇవ్వండి. ఎన్ని అడిగితే అన్ని."

నా మనసు ఒక్క క్షణం గంతేసింది. సిగ్గులేని మనసు! నీళ్ళు ఇవ్వొచ్చట, ఎన్నైనా ఇవ్వొచ్చట! పరుగెత్తి కింద కొట్లో లీటరు సీసా కొన్నాను. తిరిగి మెట్లెక్కుతుంటే సగంలో ఆ మాటకి అర్థం తెలిసింది. కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను.

పైన వదిన నా చేతిలో సీసా చూశారు. గుక్కెడు నీళ్ళివ్వని రాక్షసివని నన్ను అన్నన్ని మాటలన్న మనిషి, వచ్చి రెండు చేతులతో ఆ సీసా పట్టేసుకున్నారు.

"వద్దే. ఇవ్వకే. నీ కాళ్ళు పట్టుకుంటాను, నీళ్ళివ్వకే వాడికి" అన్నారు.

నేను ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాను.

గ్లాసు నిండా పోసి తల కింద చెయ్యి పెట్టి లేపాను. ఆయన గ్లాసు చూశారు, సీసా చూశారు, తర్వాత నన్ను చూశారు.

"అంతా నాకేనా?"

"మీకే."

"కొలవలేదేం?"

చెప్పక్కర్లేకపోయింది. అన్నాళ్ళు ఆ మెషీన్ల మధ్య పడుకున్న మనిషికి తెలియదా? నా చెయ్యి పట్టుకున్నారు. రెండు గుక్కలు తాగారు. మూడోది నోట్లో పెట్టుకుని, కాసేపు ఉంచుకుని, మింగారు.

"చాలే" అన్నారు.

"ఇంకొంచెం తాగండి" అన్నాను. నేను! నీళ్ళు తాగమని ఆయన్ని బతిమాలింది నేను! "బోలెడున్నాయి. తాగండి. నేనేమీ అనను."

తల అడ్డంగా ఊపారు. "మిగతాది పెద్దదానికి పొయ్యి."

ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, వదిన నా మంచం మీదే నిద్రపోయాక, ఆ సీసా నా సంచీలో కనిపించింది. గ్లాసులో మిగిలినవి కూడా అందులోనే వంచి తెచ్చాను, నాకు గుర్తే లేదు. తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాను. పెద్ద మొక్క ముందు కూర్చుని మూత తీశాను. అన్ని రోజులు ఎవరూ నీళ్ళు పొయ్యలేదు, నాచు ఎండి అంచులు విడిచింది. పొయ్యి అన్నారు ఆయన. చివరి మాట అది.

కానీ అవి కొట్లో కొన్న తాగే నీళ్ళు. ఆ మొక్క నీళ్ళు కావు. వాటిలో ఉప్పులుంటాయి, వేళ్ళని తినేస్తాయి, ఆయనే చెప్పారు. పోస్తే ఆయన మొక్క పోతుంది. పొయ్యకపోతే ఆయన మాట పోతుంది. పారబొయ్యడానికి చెయ్యి రాదు, అవి ఆయన చాలన్న నీళ్ళు. సీసా వంచుతాను, మళ్ళీ నిలబెడతాను. ఎవరైనా వచ్చి చెప్తే బాగుండుననిపించింది, ఏం చెయ్యాలో. ఎవరున్నారు చెప్పడానికి?

చివరికి మిషన్ కింద ఉన్న క్యాను తెచ్చి, అడుగున మిగిలిన నీళ్ళు ఆ మొక్కకి పోశాను. తర్వాత ఆ సీసా ఎత్తి, కొలత లేకుండా, గుక్క తిప్పుకోకుండా, మొత్తం నేనే తాగేశాను.